విడువబడని భక్తుడు – కవి విలియం కూపర్ జీవితము

చదువదగిన వాక్యభాగములు: కీర్తన 88, మార్కు 2:1–12, రోమా 8:31–39

ఆదివారమున మనము పాటల పుస్తకము తెరచి పాడునప్పుడు, పాట దగ్గర చిన్న అక్షరములతో అచ్చువేయబడిన కవి పేరును చూచువారు మనలో కొద్దిమందియే. ఆ పేరు వెనుక ఎట్టి జీవితము గలదో తెలిసినవారు మరింత తక్కువ. మధురమైన పాట వ్రాసినవాని బ్రతుకు కూడ మధురముగానే జరిగియుండునని మనము తలంతుము. నిజము చాల సారులు వేరుగా నుండును. లోకములో పేరుపొందిన కవులలోను, రచయితలలోను అనేకుల స్వంత జీవితములు కన్నీటితో తడిసినవే. ఈ నెల మేము మీ యెదుట ఉంచగోరునది అట్టి యొక జీవితము.

ఇంగ్లీషు భాషలో మిక్కిలి కీర్తిపొందిన కవులలో విలియం కూపర్ ఒకడు. రక్షకుని రక్తమువలన కలుగు పాపపరిహారమును గూర్చియు, మనుష్యుల కగోచరమైన దేవుని నడిపింపును గూర్చియు అతడు వ్రాసిన పాటలను రెండువందల సంవత్సరములకు పైగా అనేక దేశముల సంఘములు పాడుచున్నవి. అయితే ఆ పాటలు వ్రాసిన మనుష్యుడు తన జీవితములోని చివరి ఇరువదియేడు సంవత్సరములు, దేవుడు తన్ను విడిచిపెట్టెనని నమ్మి బ్రదికెను. ఇది ఎట్లు సంభవించెనో, దీనిలో మనకేమి బోధ గలదో చూతము.

తల్లి లేని బాల్యము

కూపర్ 1731వ సంవత్సరము నవంబరు 26వ తేదీన ఇంగ్లండు దేశములోని బెర్కాంస్టెడ్ అను చిన్న పట్టణమున జన్మించెను. అతని తండ్రి ఆ ఊరి దేవాలయపు గురువు. ఆ దంపతులకు ఏడుగురు బిడ్డలు కలిగిరి గాని, పసితనము దాటి బ్రదికినవారు ఇద్దరే. వారిలో విలియం పెద్దవాడు. 1737లో చిన్నవాడైన జాన్ పుట్టిన కొద్ది దినములకే తల్లి మరణించెను. అప్పటికి విలియమునకు ఆరేండ్లు నిండలేదు.

ఆ దుఃఖము ఆరకముందే అతనిని దూరముననున్న బడికి పంపిరి. అక్కడ పెద్ద పిల్లవాడొకడు ఈ బాలుని ఎంతగా హింసించెననగా, వాని ముఖము చూచుటకు కన్నులెత్తలేక, వాని చెప్పుల బకిలీలనుబట్టి మాత్రమే వానిని గుర్తుపట్టెడివాడట. తల్లి జ్ఞాపకము మాత్రము అతనిని ఎన్నడును విడువలేదు. ఆమె పోయిన యేబదిమూడు సంవత్సరములకు, అనగా 1790లో, బంధువొకామె ఆమె చిత్రపటమును పంపగా, ముసలితనపు అంచున నున్న ఆ కవి చంటిబిడ్డవలె కదిలిపోయి, దానిమీద ఒక పద్యము వ్రాసెను. చిన్నపిల్లలు త్వరగా మరచిపోవుదురని చెప్పువారు ఈ సంగతిని గమనింపవలెను.

తరువాత అతడు లండనులో వెస్ట్‌మిన్‌స్టర్ అను పేరుగల పాఠశాలలో చదివెను. పిమ్మట బెంగాలునకు మొదటి గవర్నర్ జనరలైన వారన్ హేస్టింగ్స్ అక్కడ అతని తోటి విద్యార్థి.

విరిగిన మనస్సు

బడి విడిచిన తరువాత కూపర్ న్యాయశాస్త్రము చదివి 1754లో వకీలాయెను. కాని ఆ వృత్తియందు అతనికి మనస్సు లేదు. ఇరువదియేండ్లు దాటిన కొలదికాలమునకే కారణము తెలియని గొప్ప దిగులు మొదటిసారి అతనిని పట్టుకొనెను. తన పినతండ్రి కుమార్తెయగు థియొడోరాను అతడు ప్రేమించెను గాని, ఆమె తండ్రి ఆ వివాహమునకు ఒప్పుకొనలేదు. వారిద్దరును జీవితాంతము అవివాహితులుగానే యుండిరి. 1756లో తండ్రియు గతించెను.

1763లో బంధువుల సహాయమువలన ప్రభువుల సభలో గుమాస్తా యుద్యోగమొకటి దొరకు సమయము వచ్చెను. అయితే ఆ పదవికి తగినవాడవునో కాదో సభవారి యెదుట నిలిచి పరీక్షింపబడవలెను. నలుగురిలో నిలిచి మాటలాడుట మనలో అనేకులకు కొంచెము భయమే. కూపరుకు అది మరణముకంటె భయంకరమైనదిగా తోచెను. దినములు దగ్గరపడిన కొలది నిద్ర పోయెను, ఆహారము పోయెను, చివరకు బుద్ధియు చెదరెను. అతడు తన ప్రాణము తానే తీసికొనుటకు ప్రయత్నించెను. ప్రభువు దయచేత ఆ ప్రయత్నము సాగలేదు.

ఆ సంవత్సరము డిసెంబరులో అతని బంధువులు అతనిని సెయింట్ ఆల్బన్స్ పట్టణములో డాక్టర్ నథానియేల్ కాటన్ నడుపుచున్న మనోరోగుల గృహమునకు చేర్చిరి. ఈయన మన గోదావరికి ఆనకట్ట కట్టిన కాటను దొర కాడు. ఆయనకంటె చాల ముందు కాలపువాడు. ఆ దినములలో మనోరోగులను గొలుసులతో కట్టి కొట్టుట మామూలు. ఈ వైద్యుడైతే దేవుని యెరిగిన మృదుస్వభావుడు. నెలలకొలది ఓపికతో కూపరును కనిపెట్టి చూచెను.

ఒక దినమున కూపర్ ఆ గృహపు తోటలో ఒక బల్లమీద బైబిలు ఉండుట చూచి తెరచెను. లాజరు మరణమును గూర్చిన అధ్యాయము అతనికి కనబడెను. దుఃఖించువారియెడల యేసు కనికరము ఎంత గొప్పదో అతనికి కొంచెము తోచెను. తరువాత 1764 జూలైలో ఒక ఉదయమున రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయము ఇరువదియైదవ వచనము అతని కన్నులయెదుట నిలిచెను. క్రీస్తు రక్తమందు తనకు క్షమాపణ గలదని ఆ క్షణముననే నమ్మెను. ఆ సంతోషము చూచి, ఇది మరియొక విధమైన వెఱ్ఱి యేమో అని వైద్యుడు కొంత భయపడెనట. కాని అది వెఱ్ఱి కాదు, రక్షణానందము.

ఓల్నీ గ్రామములో

1765లో స్వస్థుడై బయటకు వచ్చిన కూపర్ హంటింగ్డన్ అను ఊరిలో మోర్లీ అన్విన్ అను గురువుగారి ఇంట భోజనమునకు, బసకు చేరెను. ఆ గురువు భార్య మేరీ అన్విన్ కూపరుకంటె ఏడేండ్లు పెద్దది. తల్లిని పోగొట్టుకొన్నవానికి దేవుడు ఆమెయందు మరల తల్లివంటి ప్రేమను చూపెను. 1767లో అన్విన్ గారు గుఱ్ఱముమీదనుండి పడి మరణించిరి. ఆ దుఃఖసమయమున వారిని పరామర్శించుటకు వచ్చినవాడు జాన్ న్యూటన్. ఒకప్పుడు బానిసలను మోయు ఓడకు నాయకుడై, తరువాత ప్రభువు కృపచేత మారి, సువార్త సేవకుడైన న్యూటనును మనము ఎరుగుదుము. ఆయన పిలుపునుబట్టి కూపరును, మేరీ అన్వినును ఆయన పని చేయుచున్న ఓల్నీకి వెళ్ళిరి.

మన నరసాపురము ప్రాంతమున అనేకమంది స్త్రీలు లేసు అల్లి బ్రదుకునట్లు, ఓల్నీలోని పేదలును లేసు పనిచేసి పొట్ట పోసికొనెడివారు. కూపర్ వారి గుడిసెలకు వెళ్ళి, రోగుల ప్రక్క కూర్చుండి, ప్రార్థన చేసెడివాడు. సభవారియెదుట నిలువలేక మతిచెడినవాడు ఇప్పుడు ప్రార్థన కూటములలో నోరు తెరచి ప్రార్థించుచుండెను! 1770లో అతని తమ్ముడు జాన్ కేంబ్రిడ్జిలో మరణపడకమీద నుండగా, అతనిని కనిపెట్టి యుండి ప్రభువునొద్దకు నడిపించెను.

గ్రామ ప్రజలకొరకు పాటల పుస్తకమొకటి సిద్ధపరచవలెనని న్యూటనును కూపరును నిశ్చయించుకొనిరి. ఆ పుస్తకము 1779లో 348 పాటలతో అచ్చయ్యెను. వానిలో కూపరువి అరువదికి పైగా గలవు, తక్కినవన్నియు న్యూటనువే. ఇద్దరు సమానముగా వ్రాయవలసిన పుస్తకములో కూపర్ వంతు ఏల తగ్గెను? మధ్యలో అతని కలము ఆగిపోయెను.

1773వ సంవత్సరము

1773 జనవరిలో పాత రోగము మరల వచ్చెను. ఆ దినములలో అతనికిని మేరీ అన్వినునకును వివాహము నిశ్చయమైయుండెను, అదియు నిలిచిపోయెను. ఫిబ్రవరి మాసములో ఒక రాత్రి అతనికి భయంకరమైన కల వచ్చెను. తనకు ఇక నిరీక్షణ లేదనియు, తాను నశించితిననియు ఆ కలలో విన్నట్టు అతడు నమ్మెను. ఆ నమ్మకము మరి ఎన్నటికిని అతనిని పూర్తిగా విడువలేదు. దేవుడు అందరిని ప్రేమించుచున్నాడని ఒప్పుకొనెను. సువార్త సత్యమని ఒప్పుకొనెను. కాని తాను ఒక్కడు మాత్రము దానికి వెలుపలివాడననెను. దేవాలయమునకు వెళ్ళుట మానెను. ఇతరుల ప్రార్థనలోను పాలుపొందలేకపోయెను. మరియొకసారి ప్రాణమునకు హాని చేసికొనజూచెను.

అప్పుడు న్యూటన్ ఏమి చేసెను? ఏప్రిలులో కూపర్ ఒక దినము గురువు ఇంటికి వచ్చి, ఇక అక్కడనుండి కదలననెను. న్యూటనును ఆయన భార్యయు అతనిని, మేరీ అన్వినును ఒక సంవత్సరమునకు పైగా తమ ఇంటనే ఉంచుకొనిరి. న్యూటనుకు సంఘపు పని యున్నది, పెద్ద కుటుంబము కాకపోయినను ఖర్చున్నది, ఊరివారి మాటలున్నవి. అయినను రోగిని పొమ్మనలేదు. వాదించి గెలువజూచుట తగ్గించి, తోటలోనికి తీసికొని వెళ్ళి, కూడ నడచుచుండెను.

1774లో పొరుగువారు కూపరుకు మూడు కుందేటి పిల్లలను ఇచ్చిరి. అతడు వానికి గూళ్ళు తానే చేసి, ఆకులు పెట్టి పెంచెను. వడ్రంగి పని నేర్చెను; తోట వేసెను. చేతికి పని దొరికిన కొలది మనస్సు కొంచెము కొంచెముగా కుదుటపడెను. ఏలీయా బదరీవృక్షము క్రింద పడుకొని చావు కోరినప్పుడు దేవుడు అతనికి మొదట గద్దింపు పంపలేదు. నిద్రయు, రొట్టెయు, నీళ్ళును ఇచ్చెను. ఇది మనము మరువరాదు.

చీకటిలో చేసిన పని

మేరీ అన్విన్ ప్రోత్సాహముచేత కూపర్ మరల కవిత్వము వ్రాయసాగెను. 1782లో మొదటి పద్యసంపుటము వెలువడెను. అందులో అతడు తన స్వదేశము జయించిన తూర్పు దేశములకు బానిసత్వమును ఎగుమతి చేసినందుకు దానిని గద్దించెను. మన దేశమునందు కుంపిణీ పరిపాలన సాగుచున్న దినములలో ఒక ఆంగ్ల కవి ఈ మాట చెప్పుట సామాన్యము కాదు. ఆ సంవత్సరమే లేడీ ఆస్టెన్ అను స్నేహితురాలు చెప్పిన ఒక కథనుబట్టి, గుఱ్ఱమును ఆపలేని బట్టల వర్తకుని గూర్చి హాస్యగీతము వ్రాసి దేశమునంతటిని నవ్వించెను. తాను నవ్వలేనివాడు ఇతరులను నవ్వించెను! 1785లో వెలువడిన టాస్క్ అను పెద్ద కావ్యము అతనిని తన కాలపు కవులలో ముందు వరుసకు తెచ్చెను.

1787లో మరల ఆరు మాసములు రోగము. లేచిన మరుసటి సంవత్సరమే, అనగా 1788లో, నీగ్రో బానిసల మొఱ్ఱను వినిపించు పద్యములు వ్రాసెను. బానిస వ్యాపారమును ఆపుటకు పాటుపడుచున్నవారు వానిని దేశమంతట వ్యాపింపజేసిరి. 1807లో బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించునాటికి కూపర్ బ్రదికి లేడు. కాని ప్రజల మనస్సాక్షిని మేలుకొల్పినవారిలో అతడొకడు.

ఆ కాలముననే ఓల్నీ ఊరిలో జరిగిన మరియొక సంగతి మనకు సంబంధించినది. 1785లో విలియం కేరీ అను చెప్పులు కుట్టువాడు అక్కడి బాప్తిస్టు సంఘములో చేర్చుకొనబడెను. ఆ సంఘమే ఆయనను సేవకు పంపెను. ఆయనయు సహవాసులును స్థాపించిన శ్రీరాంపూరు ముద్రాలయములో 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయ్యెను. చీకటితో నిండిన ఒక ఇంటికి కొద్ది దూరములోనే దేవుడు మన భాషకొరకు దీపము సిద్ధపరచుచుండెను.

చివరి దినములు

1791 డిసెంబరులో మేరీ అన్వినునకు పక్షవాతము తగిలెను. 1792లో మరల తగిలెను. ఇన్నేండ్లు తన్ను కాచినదానిని ఇప్పుడు కూపర్ కాచెను. ఆమెను నడిపించెను, ఆమె ప్రక్కను విడువక కూర్చుండెను. ఆ భారము అతని మనస్సును మరల క్రుంగదీసెను. 1794లో రాజు అతనికి ఏడాదికి 300 పౌండ్ల భరణము ఇచ్చెను గాని, ఆ వార్త విని సంతోషించు స్థితిలో అతడు లేడు. 1795లో తల్లి తరపు బంధువైన జాన్ జాన్సన్ అను యౌవనస్థుడు ఆ యిద్దరిని తనతో నార్‌ఫోకుకు తీసికొనిపోయి సేవచేసెను. 1796 డిసెంబరులో మేరీ అన్విన్ మరణించెను.

1799లో కూపర్ తన చివరి సొంత పద్యము వ్రాసెను. తుఫానులో ఓడమీదనుండి సముద్రములో పడి, ఎవరును రక్షింపలేక మునిగిపోయిన నావికుని కథ అది. తన గతియు అట్టిదే యని అతడు తలంచెను. 1800వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన ఈస్ట్ డెరహాం అను ఊరిలో కన్ను మూసెను. మరణించిన తరువాత అతని ముఖమునందు నెమ్మదియు, పరిశుద్ధమైన ఆశ్చర్యమును కనబడెనని ప్రక్కనున్న జాన్సన్ సాక్ష్యమిచ్చెను. మే నెలలో లండనులో వృద్ధుడైన న్యూటన్ తన స్నేహితుని జ్ఞాపకార్థము ప్రసంగించి, మోషే చూచిన పొదను మూలవాక్యముగా తీసికొనెను. మండెను గాని కాలిపోలేదు. ఇంతకంటె తగిన వాక్యము మాకు తోచదు.

మనకు బోధ

కూపరుకు మతి చెడుటకు మతమే కారణమని తరువాత కొందరు వ్రాసిరి. అతని జీవితపు వరుస చూడుడి. సువార్తను నమ్మకముందే, యౌవనముననే ఆ వ్యాధి అతనికి కలిగెను. అతడు మిక్కిలి సంతోషముగా బ్రదికిన సంవత్సరములు 1764 మొదలు 1772 వరకు, అనగా నమ్మిన తరువాతనే. విశ్వాసము అతనికి రోగము తేలేదు. రోగమే వచ్చి విశ్వాసపు సంతోషమును కప్పివేసెను.

ప్రియ సహోదరీ సహోదరులారా, మన గ్రామములలో ఎవరికైన ఇట్టి దిగులు పట్టినయెడల మనమేమందుము? దయ్యము పట్టినదని కొందరు, విశ్వాసము లేదని కొందరు, దాచిన పాపమున్నదని కొందరు అందురు. పిల్లలకు సంబంధములు కుదురవని ఇంటివారు ఆ సంగతిని దాచుదురు. భూతవైద్యుని యొద్దకు తీసికొనిపోవువారును లేకపోలేదు. మలేరియా వచ్చినప్పుడు మందు పుచ్చుకొనుట అవిశ్వాసము కాదు. మనస్సునకు కలిగిన వ్యాధికి వైద్యునియొద్దకు వెళ్ళుటయు అట్లే అవిశ్వాసము కాదు. చావును గూర్చి మాటలాడువానిని తేలికగా తీసికొనకుడి. వానిని ఒంటరిగా విడువకుడి. ఆ దినముననే వైద్యునికి తెలుపుడి.

మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువుగల మనుష్యుడు తానై యేసునొద్దకు రాలేకపోయెను. నలుగురు మోసికొని వచ్చిరి. ప్రభువు వారి విశ్వాసము చూచెను. కూపరునకును నలుగురు దొరకిరి. వైద్యుడు కాటన్ ఒకడు, సేవకుడు న్యూటన్ ఒకడు, స్నేహితురాలు మేరీ అన్విన్ ఒకతె, బంధువు జాన్సన్ ఒకడు. అతడు ప్రార్థింపలేనప్పుడు వారు ప్రార్థించిరి. అతడు దేవాలయమునకు రానప్పుడు వారు అతని ఇంటికి వెళ్ళిరి. మంచమునకు నాలుగు కోళ్ళున్నట్లు, ఒక్కొక్క మూల ఒక్కొక్కరు పట్టుకొనిరి. మీ సంఘములో నెలలతరబడి కూటమునకు రాని సహోదరుడు గలడా? తలుపు వేసికొని కూర్చున్న సహోదరి గలదా? ఆ మంచపు మూలను పట్టుకొనువారు ఎవరు?

ఈ పత్రిక చదువువారిలో, లేక ఎవరైన చదువగా వినువారిలో, దేవుడు తమ్మును విడిచెనని తలంచువారు ఉండవచ్చును. వారికి మేము చెప్పునదేమనగా: జ్వరము ఎక్కువైన బిడ్డ తల్లి ఒడిలోనే పడియుండి, అమ్మ కనబడలేదని ఏడ్చును. ఆ ఏడ్పు నిజమైనదే, దానిని తేలికచేయకూడదు. కాని అమ్మ ఒడి జారిపోలేదు. బిడ్డకు తెలిసినను తెలియకపోయినను చేతులు పట్టుకొనియే యున్నవి. ఎనుబదియెనిమిదవ కీర్తన చీకటితోనే ముగియును. అయినను దేవుడు దానిని తన గ్రంథములో ఉంచెను. అట్లు మొఱ్ఱపెట్టువాడును ఆయన ప్రజలలోనివాడే. మన రక్షణ మనము క్రీస్తును ఎంత గట్టిగా పట్టుకొనియున్నామను దానిమీద నిలిచి యుండలేదు. ఆయన మనలను పట్టుకొనియున్నాడు. మరణమైనను, జీవమైనను, చెదరిన మన మనస్సే యైనను ఆయన ప్రేమనుండి మనలను ఎడబాపనేరదు.

అట్టి ప్రభువు దిగులుపడినవారిని ఆదరించి, వారిని మోయుటకు మనకు ఓపికను దయచేయును గాక. ఆమేన్.